నేరేడు పండ్లతో ఇంట్లోనే ఫ్రోజెన్ యోగర్ట్: పెరుగు తోడు దగ్గర్నుంచి ఫ్రీజర్ దాకా

తొలకరి పడీపడగానే కడపలో ఏ కూడలికి పోయినా తోపుడు బండ్ల మీద నేరేడు పండ్లు గుట్టలుగా కనబడతాయి. నెల, నెలన్నర తిరిగేసరికి మళ్లీ కనబడవు. అదే రోజుల్లో పిల్లలు ఫోన్లో వీడియోలు చూసి బ్లూబెర్రీ ఫ్రోజెన్ యోగర్ట్ కావాలని అడుగుతుంటారు. సూపర్ మార్కెట్లో గడ్డకట్టిన బ్లూబెర్రీ ప్యాకెట్లు దొరుకుతాయి, నిజమే. కానీ ఎంతో దూరం నుంచి వచ్చిన ఆ పండులో లేని రంగు, పులుపు, వగరు మన నేరేడులో ఉన్నాయి. పైగా పెరుగుతో కలవడానికి నేరేడును మించిన పండు నాకు ఇంతవరకు తగల్లేదు.

దానికి కారణం కూడా ఉంది. నేరేడులో నాలుకను పట్టేసే వగరు టానిన్ల వల్ల వస్తుంది. పాలలో, పెరుగులో ఉండే ప్రోటీన్ ఆ టానిన్లను పట్టుకుంటుంది. టీ డికాషన్లో పాలు పోస్తే వగరు తగ్గినట్టే ఇక్కడా జరుగుతుంది. వగరు పూర్తిగా పోదు, గొంతులో గరగర మాత్రం పోతుంది. పండు రుచి అలాగే నిలబడుతుంది.

ఐస్‌క్రీమ్ మెషిన్ అక్కర్లేదు. మామూలు ఫ్రిజ్, మిక్సీ, ఒక పలుచని నూలు గుడ్డ ఉంటే చాలు. ఓపిక మాత్రం కావాలి. రెండు రోజుల పని ఇది. మొదటి రోజు పెరుగు, పండ్ల పని. రెండో రోజు ఫ్రీజర్ పని.

ముందు నీళ్ల సంగతి

ఇంట్లో చేసిన ఫ్రోజెన్ యోగర్ట్ రాయిలా గడ్డకట్టిందనో, నోట్లో ఐసు ముక్కలు కరకరమంటున్నాయనో చాలామంది అంటారు. ఆ ఐసు ఎక్కడి నుంచి వచ్చింది? పెరుగులోనూ నేరేడు పండులోనూ నూటికి 80 పాళ్లకు పైనే నీళ్లుంటాయి. ఆ నీళ్లన్నీ ఫ్రీజర్లో ఐసు అవుతాయి. కాబట్టి ఫ్రీజర్లోకి పోకముందే వీలైనన్ని నీళ్లు బయటికి పంపేయాలి. పెరుగులో నీళ్లను గుడ్డలో వడగట్టి తీస్తాం, పండులో నీళ్లను పొయ్యి మీద ఇగరబెట్టి తీస్తాం. మిగిలిన కాసిని నీళ్లు పెద్ద స్ఫటికాలుగా మారకుండా చూసేవి చక్కెర, పాలలోని వెన్న, మాటిమాటికీ కలపడం. కింద చెప్పే ప్రతి పనీ ఈ నీళ్ల చుట్టూనే తిరుగుతుంది. ఇది మనసులో పెట్టుకుంటే కొలతలు అటూఇటూ అయినా మీరే సర్దుకోగలరు.

కొలతలు

ఆరేడు మందికి సరిపడా చేయాలంటే లీటరుంపావు చిక్కటి గేదె పాలు, 600 గ్రాముల నేరేడు పండ్లు, 130 గ్రాముల చక్కెర, రెండు టేబుల్ స్పూన్ల పాలపొడి, ఒక టేబుల్ స్పూన్ తేనె, ఒక టీస్పూన్ నిమ్మరసం, పావు టీస్పూన్ ఉప్పు కావాలి. గేదె పాలు దొరక్కపోతే 6 శాతం వెన్న ఉండే ఫుల్ క్రీమ్ ప్యాకెట్ పాలు తీసుకోండి. టోన్డ్ పాలలో వెన్న 3 శాతమే ఉంటుంది. వాటితో కూడా అవుతుంది గానీ నున్నగా రాదు.

చక్కెర తగ్గిస్తే మంచిదేమో అనిపిస్తుంది. 130 గ్రాముల్లో ఓ పది, పదిహేను గ్రాములు తగ్గించొచ్చు, అంతకు మించి వద్దు. చక్కెర ఇక్కడ తీపి కోసమే కాదు. చక్కెర కరిగిన నీళ్లు సున్నా డిగ్రీల దగ్గర గడ్డకట్టవు, ఇంకా కిందికి దిగాలి. అందుకే ఫ్రీజర్లోంచి తీసినప్పుడు గరిటె దిగేంత మెత్తగా ఉంటుంది. తేనె కూడా ఆ పనికే. ఏడాది నిండని పిల్లలకు మాత్రం తేనె ఏ రూపంలోనూ పెట్టకూడదు. అలాంటి బిడ్డ ఇంట్లో ఉంటే ఇందులోది నాలుకకు కూడా రాయొద్దు. ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పాలి. నేరేడు షుగర్ ఉన్నవాళ్లకు మంచిదని అందరూ అంటారు కదా అని షుగర్ పేషెంట్లకు ఇది గిన్నెల కొద్దీ పెట్టకండి. ఇందులో చక్కెర చక్కెరే.

పెరుగు

కొన్న పెరుగుతో చేయొచ్చు. కానీ అది ఎన్ని రోజుల కిందటిదో, ఎంత పులిసిందో మన చేతిలో ఉండదు. అందుకే ఇంట్లో తోడుపెట్టమంటాను.

పాలను మందపాటి గిన్నెలో సన్నటి మంట మీద మరిగించండి. లీటరుంపావు పాలు లీటరు అయ్యేదాకా మరగాలి. మధ్యమధ్యలో కలుపుతూ అంచులకు పట్టిన మీగడను గీకి పాలలోకే తోసేయండి. మీగడ పైన తెట్టుగా మిగిలిపోతే తర్వాత పలుకులు పలుకులుగా తగులుతుంది. పాలు గోరువెచ్చగా, అంటే చిటికెన వేలు ముంచి పది లెక్కపెట్టేదాకా ఉంచగలిగేంత వేడికి రావాలి. థర్మామీటర్ ఉంటే 40, 42 డిగ్రీల మధ్య. అప్పుడు తోడు వేయండి. మన ఎండాకాలంలో అర టీస్పూన్ తోడు చాలు, చలికాలంలో ఒక టీస్పూన్. తోడు పుల్లగా ఉంటే పెరుగూ పుల్లగానే వస్తుంది, కాబట్టి ముందు రోజు తోడుకున్న కమ్మటి పెరుగు నుంచే తీసుకోండి.

జూన్‌లో మన ఇళ్లలో నాలుగు గంటలకే పెరుగు తోడుకుంటుంది. గిన్నె కాస్త వంచితే పెరుగు ఒక్క ముద్దగా కదలాలి, పైన నీళ్లు తేలకూడదు. ఆ క్షణంలోనే ఫ్రిజ్‌లో పెట్టేయండి. రాత్రి తోడుపెట్టి తెల్లారి చూద్దాం అనుకుంటే ఆ వేడికి పులిసిపోతుంది. పులిసిన పెరుగుకు ఎంత చక్కెర వేసినా చల్లారాక పులుపే పైకి వస్తుంది.

ఫ్రిజ్‌లో రెండు గంటలు చల్లబడ్డాక వడగట్టాలి. పాత పంచె గుడ్డ బాగా పనికొస్తుంది. సబ్బు వాసన లేకుండా వేడినీళ్లలో ఉతికి పిండి, చిల్లుల గిన్నెలో పరిచి, పెరుగు పోసి, కొసలు మూటకట్టి, కింద ఒక లోతైన గిన్నె పెట్టి మొత్తాన్ని ఫ్రిజ్‌లో ఉంచండి. శ్రీఖండ్ చేసేవాళ్లు కొక్కేనికి మూట వేలాడదీస్తారు. చలికాలంలో ఆ పద్ధతి బాగానే ఉంటుంది, మన ఎండల్లో మాత్రం వంటింట్లో వేలాడదీయకండి. మూట మీద చిన్న ప్లేటు బోర్లించి, పైన నీళ్ల గ్లాసు పెడితే ఐదారు గంటల్లో పని అవుతుంది. రాత్రంతా ఉంచినా నష్టం లేదు.

మూట విప్పి చూస్తే పెరుగు గుడ్డ నుంచి తనంతట తానే ఊడి రావాలి. స్పూన్ గుచ్చితే నిలబడాలి. కిలో పెరుగుకు దాదాపు అర కిలో మిగులుతుంది. మరీ ఎక్కువసేపు ఉంచితే పిండి పిండిగా, నాలుకకు సున్నం తగిలినట్టు అవుతుంది. అప్పుడు కింద గిన్నెలోని తేటే రెండు మూడు స్పూన్లు కలిపి సరిచేయండి. మిగతా తేటను పారబోయొద్దు. చపాతీ పిండి కలపడానికి బాగుంటుంది. రాగి అంబలిలో పోస్తే ఇంకా బాగుంటుంది, మజ్జిగ పోసిన దానికంటే కమ్మగా తగులుతుంది.

నేరేడు పండ్లు ఏరుకోవడం, గుజ్జు తీయడం

బండి దగ్గర పైపైన నిగనిగలాడే పండ్లు చూసి మోసపోవద్దు. మంచి పండు పూర్తిగా నల్లగా ఉంటుంది. తొడిమ దగ్గర ఎర్రగా గానీ ఆకుపచ్చగా గానీ ఉంటే ఇంకా వగరు తగ్గలేదన్నమాట. వేళ్ల మధ్య నొక్కితే మెత్తగా లొంగాలి, తొక్క చిట్లకూడదు. చిట్లిన పండ్లు సాయంత్రానికే పులిసిన వాసన కొడతాయి. ‘అక్కా, ఒకటి తిని చూస్తా’ అంటే ఎవరూ కాదనరు. తిని చూడండి. గింజ పెద్దదై కండ తక్కువున్న నాటు పండైతే 600 గ్రాములు చాలవు, 750 తీసుకోండి. నేరేడు నిల్వ ఉండదు, ఫ్రిజ్‌లో పెట్టినా రెండు రోజులే. కొన్న రోజే గుజ్జు తీసేయడం మేలు.

ఉప్పు నీళ్లలో పది నిమిషాలు ఉంచి, మంచి నీళ్లతో రెండుసార్లు కడిగి, గుడ్డ మీద ఆరబెట్టండి. తడి పోవాలి. ఆ తడి కూడా నీళ్లే.

ఇప్పుడు పండ్లను స్టీలు గిన్నెలో వేసి, 130 గ్రాముల చక్కెరలో సగం చల్లి, మూతపెట్టి గంటసేపు వదిలేయండి. అల్యూమినియం గిన్నె, ఇనుప మూకుడు వద్దు. నేరేడు పులుపు లోహంతో కలిస్తే రుచీ మారుతుంది, రంగూ మసిబారుతుంది. గంట తర్వాత మూత తీస్తే గిన్నె అడుగున ముదురు ఊదా రంగు రసం ఊరి ఉంటుంది. ఆ రసంతో సహా సన్నటి మంట మీద ఐదారు నిమిషాలు ఉడికిస్తే కండ గింజను వదిలేస్తుంది.

చల్లారాక గింజలు తీయాలి. మిక్సీలో గింజలతో సహా ఒక్కసారి తిప్పేస్తే పని తేలికవుతుందని అనిపిస్తుంది, ఆ పని మాత్రం చేయకండి. గింజ నలిగితే చేదు దిగుతుంది, ఆ చేదును తీసే ఉపాయం లేదు. పెద్ద చిల్లుల జల్లెడలో వేసి పప్పుగుత్తితో నెమ్మదిగా రుద్దండి, లేదా చేత్తో పిసకండి. చేతికి అంటిన రంగు ఒకట్రెండు రోజులు పోదు, మంచి చీర కట్టుకుని కూర్చోవద్దు. జల్లెడలో మిగిలిన తొక్కలను పారేయకండి. రంగంతా తొక్కలోనే ఉంటుంది. గింజలు ఏరేసి, తొక్కలను, గుజ్జును కలిపి మిక్సీలో మెత్తగా రుబ్బుకోండి. 350 గ్రాముల దాకా గుజ్జు వస్తుంది.

రుబ్బిన గుజ్జును మిగతా చక్కెరతో కలిపి మళ్లీ పొయ్యి మీద పెట్టండి. ఈ దశలో తొందర పనికిరాదు. మంట పెంచితే అడుగంటుతుంది, మాడిన వాసన చివరిదాకా వెంటాడుతుంది. పది, పన్నెండు నిమిషాలు సన్నటి మంట మీద కలుపుతూనే ఉండండి. గరిటెతో గిన్నె అడుగున గీత గీస్తే, ఆ గీత రెండు మూడు సెకన్లు అలాగే నిలబడి ఆ తర్వాత మూసుకోవాలి. నమ్మకం కుదరకపోతే ఇంకో పరీక్ష ఉంది. ఫ్రీజర్లో ముందే పెట్టిన స్టీలు ప్లేటు మీద అర స్పూన్ గుజ్జు వేసి ఒక నిమిషం ఆగి ప్లేటు వంచండి. ముద్ద కదలకుండా, దాని చుట్టూ నీళ్ల అంచు విడిపోకుండా ఉంటే సరిపోయింది. ముద్ద చుట్టూ పలుచని ఊదా రంగు నీరు పాకితే ఇంకో మూడు నిమిషాలు ఉడకాలి. ఫ్రీజర్లో ఐసు ముక్కలయ్యేది ఆ నీరే.

దించాక ఉప్పు, నిమ్మరసం కలపండి. నేరేడుకు ఉప్పు ఎందుకో మనవాళ్లకు చెప్పనవసరం లేదు, బండి మీద పండ్లతో పాటు ఉప్పు పొట్లం ఇచ్చే ఊళ్లు మనవి. నిమ్మరసం రంగు కోసం కూడా. నేరేడులోని ఊదా రంగు పులుపు తగిలితే ఎరుపు వైపు తిరిగి మెరుస్తుంది. గుజ్జు పూర్తిగా చల్లారాలి. వేడి గుజ్జును పెరుగులో కలిపితే పెరుగు విరుగుతుంది, అందులోని మంచి బ్యాక్టీరియా కూడా చనిపోతుంది. చలికి మాత్రం ఆ బ్యాక్టీరియాలో చాలా భాగం చావదు, నిద్రపోతుంది. అందుకే ఇది గడ్డకట్టినా పెరుగే.

కలపడం

గట్టి పెరుగును వెడల్పు గిన్నెలో వేసి, పాలపొడిని జల్లించి, తేనె వేసి విస్క్‌తో రెండు నిమిషాలు గిలక్కొట్టండి. పాలపొడి మిగిలిన నీటిని పీల్చుకుంటుంది. జల్లించకపోతే ఉండలు కడుతుంది. మిక్సీ వాడొద్దు, కవ్వం కూడా వద్దు. గేదె పెరుగును ఎక్కువగా చిలికితే ఏమవుతుందో తెలుసు కదా, వెన్న పలుకులు తేలుతాయి. నున్నగా కాగానే ఆపేయండి.

నేరేడు గుజ్జులో మూడు వంతుల్లో రెండు వంతులు వేసి కలపండి. తెల్ల పెరుగు గులాబీ కలిసిన ఊదా రంగుకు తిరుగుతుంది. ఒక వంతు పక్కన పెట్టుకోండి, చివర్లో చారలుగా వేయడానికి. ఇప్పుడు రుచి చూడండి. మీకు కాస్త తీపి ఎక్కువైంది అనిపించాలి. చల్లటి పదార్థంలో నాలుకకు తీపి తక్కువ తెలుస్తుంది. ఇప్పుడు సరిగ్గా ఉందనిపిస్తే గడ్డకట్టాక చప్పగా ఉంటుంది.

ఈ మిశ్రమాన్ని మూతపెట్టి ఫ్రిజ్‌లో, ఫ్రీజర్లో కాదు, రెండు మూడు గంటలు ఉంచండి. నీళ్లు ఎంత త్వరగా గడ్డకడితే ఐసు స్ఫటికాలు అంత చిన్నగా ఉంటాయి. ముందే బాగా చల్లబడ్డ మిశ్రమం ఫ్రీజర్లో త్వరగా గడ్డకడుతుంది.

ఫ్రీజర్లో

రెండు గంటల ముందే ఫ్రీజర్‌ను అన్నిటికంటే చల్లటి నంబరుకు తిప్పి పెట్టండి. లోపల మంచు పేరుకుని ఉంటే ముందు రోజే కరిగించేయండి. లోతైన డబ్బా కాకుండా వెడల్పుగా, రెండు అంగుళాల ఎత్తుకు మించని గిన్నె తీసుకుని దాన్ని కూడా ఫ్రీజర్లో చల్లబరచండి. స్టీలుదైతే చలిని త్వరగా లాక్కుంటుంది. మిశ్రమం పోసి, మూతపెట్టి, ఫ్రీజర్ గోడకు ఆనించి లోపలికి తోయండి.

ముప్పావు గంటకు తీసి చూస్తే అంచుల వెంబడి వేలెడు వెడల్పున గట్టిపడి, మధ్యలో పలుచగా ఉంటుంది. గట్టిపడిన అంచును గరిటెతో గీకి మధ్యలోకి లాగి, ఫోర్క్‌తో గట్టిగా కలపండి. మొదటి రెండుసార్లు కలపడమే అన్నిటికంటే ముఖ్యం, స్ఫటికాలు పుట్టేది అప్పుడే. పుట్టిన ప్రతిదాన్నీ విరగ్గొట్టాలి. మళ్లీ ఫ్రీజర్లో పెట్టి అరగంటకోసారి ఇదే పని ఇంకో మూడు నాలుగుసార్లు. సింగిల్ డోర్ ఫ్రిజ్‌లలో చల్లదనం తక్కువ కాబట్టి ముప్పావు గంటకోసారి తీస్తే చాలు. ఊరికే తలుపు తీసి చూడకండి, తీసిన ప్రతిసారీ లోపలి చలి బయటికి పోతుంది.

గరిటెతో తీస్తే ముద్దగా నిలబడే దశకు రాగానే, పక్కన పెట్టిన నేరేడు గుజ్జును అక్కడక్కడా వేసి, కత్తి మొనతో రెండుసార్లు మాత్రమే తిప్పండి. ఎక్కువ తిప్పితే చారలు కలిసిపోతాయి. పైన క్లింగ్ ఫిల్మ్‌ను పెరుగుకు తాకేలా అతికించి మూతపెట్టండి. పైన గాలి ఉంటే మంచు పొర కడుతుంది. మూడు నాలుగు గంటల్లో తినడానికి తయారు.

అరగంటకోసారి లేచే తీరిక లేనివాళ్లకు మిక్సీ దారి ఉంది. మిశ్రమాన్ని ఐస్ ట్రేల్లో పోసి పూర్తిగా గడ్డకట్టనిచ్చి, ముక్కలు బయటికి తీసి ఐదు నిమిషాలు ఆగి, మిక్సీలో కొద్దికొద్దిగా వేసి ఆపి ఆపి తిప్పండి. ఒకేసారి నిండుగా వేసి తిప్పితే మోటార్ వేడెక్కుతుంది, ముక్కలు కరిగి జావ అవుతాయి. ముందు ఇసుకలా పొడి అవుతుంది, ఇంకాస్త తిప్పితే ముద్ద అవుతుంది. వెంటనే తినేయాలనుకుంటే నాకు ఈ పద్ధతే నచ్చుతుంది. దాచుకోవాలంటే మాత్రం ముందు చెప్పిన పద్ధతే.

కరెంటు మీద నమ్మకం లేకపోతే

గాలీవానా వస్తే మూడు నాలుగు గంటలు కరెంటు రాని ఊళ్లు మనకు చాలా ఉన్నాయి. సగం గడ్డకట్టాక కరెంటు పోతే ఫ్రీజర్ తలుపు తీయకుండా వదిలేయండి, గంట రెండు గంటలు తట్టుకుంటుంది. అసలు ఫ్రీజర్‌తో పనే లేని పాత పద్ధతి ఒకటుంది, ఐసూ ఉప్పూ.

ఐదు కిలోల ఐసు గడ్డను గోనె సంచిలో వేసి రోకలి బండతో చిన్న ముక్కలుగా కొట్టండి. కిలోన్నర కల్లుప్పు కలపండి. ఉప్పు తగిలితే ఐసు సున్నా కంటే కింది వేడిలోనే కరగడం మొదలుపెడుతుంది, కరుగుతూ చుట్టూ ఉన్న వేడిని లాగేస్తుంది. సరిగ్గా కలిస్తే ఇంట్లోనే సున్నాకు పది డిగ్రీలు, అంతకంటే కిందికి పోతుంది. పెద్ద ప్లాస్టిక్ బకెట్లో ఒక వరస ఐసు, ఒక వరస ఉప్పు వేసి, మధ్యలో బిగుతు మూత ఉన్న స్టీలు టిఫిన్ డబ్బా దించండి. డబ్బాలో మిశ్రమం సగానికి మించి పోయొద్దు. బకెట్ చుట్టూ గోనె సంచి చుట్టండి.

డబ్బాను అటూఇటూ తిప్పుతూ ఉండాలి. ఆరేడు నిమిషాలకోసారి మూత తుడిచి తీసి, గోడలకు అతుక్కున్నదాన్ని గీకి మధ్యలోకి తోయాలి. మూత తుడవడం మరిచిపోతే ఉప్పు నీరు లోపల పడుతుంది. అరగంట, నలభై నిమిషాల్లో మెత్తటి ఫ్రోజెన్ యోగర్ట్ తయారవుతుంది. ఆగకుండా కదులుతూ గడ్డకట్టింది కాబట్టి ఫ్రీజర్లో చేసినదానికంటే ఇదే నున్నగా ఉంటుంది. పిల్లలు వంతులవారీగా తిప్పుతారు, సెలవు రోజు మధ్యాహ్నం ఇంతకంటే మంచి పని ఉండదు. ఆ ఐసును ఒట్టి చేత్తో పట్టుకోనివ్వద్దు, చర్మం కాలినట్టు అవుతుంది. మిగిలిన ఉప్పు నీళ్లు చెట్లకు పోయకండి, మురుగు కాలవలో పోయండి.

తేడా వస్తే

రాయిలా గట్టిపడితే నీళ్లు ఎక్కువున్నాయి, లేదా చక్కెర తగ్గించారు. దాన్ని ముక్కలు చేసి, ఒక స్పూన్ తేనె వేసి మిక్సీలో తిప్పి మళ్లీ పెట్టండి, చాలావరకు దారికి వస్తుంది. ఎంత పెట్టినా గట్టిపడకపోతే చక్కెర ఎక్కువైంది, కాస్త గట్టి పెరుగు కలపండి. నాలుకకు సన్నటి ఇసుక తగిలితే అది ఐసు కాదు, కరగని పాలపొడి. ఈసారి రెండు స్పూన్ల పాలలో కలిపి వేయండి. మెత్తటి వెన్న ముక్కలు తగిలితే పెరుగు ఎక్కువగా చిలికారు, దానికి ఇప్పుడు చేయగలిగింది లేదు, తినడానికి ఇబ్బందీ లేదు.

పూర్తిగా కరిగి, వెచ్చబడిపోయి రెండు గంటలు దాటితే మళ్లీ గడ్డకట్టించి తినొద్దు. ఇంకా చల్లగా ఉండగానే చూసుకుంటే గ్లాసుల్లో పోసి లస్సీలా తాగేయండి. ఫ్రీజర్లో రెండు వారాల దాకా రుచి బాగుంటుంది, ఆ తర్వాత పాడవదు గానీ పైన మంచు పడుతుంది. తినే ముందు పది నిమిషాలు బయట పెట్టమని అంతటా రాస్తారు. మన ఎండాకాలంలో నాలుగు నిమిషాలు చాలు. పైన వేయించిన వేరుశనగ గింజల పలుకులు గానీ, నలగ్గొట్టిన పల్లీ చిక్కీ గానీ చల్లండి. నేరేడు వగరుకూ వేరుశనగ కమ్మదనానికీ జత బాగా కుదురుతుంది.

మిగతా పండ్లు

నేరేడు అయిపోయే వేళకు కలివి పండ్లు ఉంటాయి, కొందరు వాక్కాయలంటారు. పచ్చివి పప్పుకూ పచ్చడికీ వెళ్తాయి, మనకు కావలసింది నల్లగా మాగినవి. తొడిమ దగ్గర పాలు కారతాయి కాబట్టి రెండు మూడు నీళ్లు కడగాలి. పులుపు చాలా ఎక్కువ, 300 గ్రాముల పండ్లకు 180 గ్రాముల దాకా చక్కెర పడుతుంది. ఇందులో పెక్టిన్ బాగా ఉంటుంది. జామ్‌ను గట్టిపరిచేది అదే. అందువల్ల త్వరగా చిక్కబడుతుంది, ఉడికించే సమయం సగం చేయండి. ఫ్రోజెన్ యోగర్ట్‌లో ఆ పెక్టిన్ నీటిని పట్టి ఉంచుతుంది, కాబట్టి కలివితో చేసింది అన్నిటికంటే నున్నగా వస్తుంది. ఒక్కటే మనవి. లంకమల వైపు అభయారణ్యంలోకి పోయి పండ్లు కోయొద్దు. 1900 తర్వాత కనబడక, అంతరించిపోయిందనుకున్న కలివి కోడి అనే పక్షి 1986లో మళ్లీ కనబడింది మన జిల్లాలోని ఆ పొదల మధ్యనే. చేల గట్ల మీద దొరికేవి, సంతకు వచ్చేవి మనకు చాలు.

అనంతపురం, హిందూపురం వైపు బంధువులుంటే మల్బరీ పండ్లు అడగండి. అక్కడ పట్టుపురుగుల మేత కోసం తోటలు వేస్తారు, ఆకు కోయకుండా వదిలిన కొమ్మలకు పండ్లు కాస్తాయి. మందు కొట్టిన తోటవి మాత్రం వద్దు, ముందే అడిగి తెలుసుకోండి. మల్బరీకి గింజ తీసే పనిలేదు, ఆకుపచ్చ కాడ తుంచేస్తే చాలు. వగరు ఉండదు, అందుకే రుచి కాస్త మెతక. నిమ్మరసం రెండింతలు వేయండి, చక్కెర 100 గ్రాములు చాలు.

సంక్రాంతి రోజుల్లో రేగు పండ్లు. గుజ్జు తక్కువ, పొడిపొడిగా ఉంటుంది కాబట్టి ఇక్కడ లెక్క తిరగబడుతుంది. పండ్లు మునిగేంత నీళ్లు పోసి మెత్తగా ఉడికించి, పిసికి, జల్లెడ పట్టాలి, ఆ తర్వాతే ఇగరబెట్టాలి. చక్కెర బదులు 150 గ్రాముల బెల్లం వేయండి. బెల్లాన్ని కరిగించి వడగట్టడం మరవొద్దు, ఇసుక ఉంటుంది. దించే ముందు చిటికెడు కారం, కాస్త ఎక్కువ ఉప్పు. రేగు వడియాలు తిన్నవాళ్లకు ఆ రుచి తెలుసు.

సీతాఫలంతో కుదురుతుందా అని అడుగుతారు. కుదురుతుంది, కానీ దాన్ని పొయ్యి మీద పెట్టకూడదు, ఉడికిస్తే చేదెక్కుతుంది. గింజలు తీసిన పచ్చి గుజ్జు 300 గ్రాములు తీసుకుని నేరుగా గట్టి పెరుగులో కలపండి. గుజ్జులో నీళ్లు ఇగరబెట్టే వీలు లేదు కాబట్టి, ఈసారి పెరుగును రాత్రంతా వడగట్టి ఇంకా గట్టిగా తీసుకోవాలి, పాలపొడి మూడు స్పూన్లు చేయాలి.